వాడ ముచ్చట – 17: మా చిన్నాయన రోగానికి జియోట్యాగ్

ఈ వారం వర్గీకరణ మీద రెండో భాగం రాస్తానన్నాను. అది ఆగుతుంది.

మా చిన్నాయన ఎనుమాముల మార్కెట్లో హమాలీ. ఇరవై ఏండ్లుగా మిర్చి బస్తాలు మోస్తున్నాడు. సీజన్లో ఆ యార్డు పక్క నుంచి బండి మీద పోతేనే మనకు తుమ్ములు ఆగవు. ఆయన పొద్దంతా ఆ ఘాటులోనే ఉంటాడు. అందుకే దగ్గు మొదలైతే ఎవరూ పట్టించుకోలేదు, తేజ మిర్చి కోరు అనుకున్నారు. తెమడ పరీక్షలో క్షయ అని తేలింది. మందులు మొదలయ్యాయి, తూకం కూడా పెరుగుతోంది. అంతా సక్కగానే ఉంది, సేవ చేసేవాళ్ళు ఇంటికి వచ్చేదాకా.

ఆస్పత్రిలో సాయం చేసే వాలంటీర్ల దగ్గర రోగుల జాబితా ఉంది. పేరు, ఫోను, ఇంటి నంబరు, రోగం. నలుగురు కుర్రాళ్ళు కందిపప్పు, పల్లీలు, నూనె తెచ్చారు. మంచిదే. దాంతోపాటు బ్యానర్ తెచ్చారు, దాని మీద ‘క్షయ రోగికి పోషకాహార కిట్టు’ అని రాసి ఉంది. చిన్నాయన్ను గడప ముందు నిలబెట్టి ఫోటో తీశారు. ఫోటో కింద వీధి పేరు, అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము. సాయంత్రానికి అది వాడ గ్రూపులో ఉంది.

తెల్లారి మార్కెట్ కాడ చాయ్ హోటల్లో అందరికీ గాజు గ్లాసు, చిన్నాయనకు ప్లాస్టిక్ గ్లాసు. రెండు గ్లాసుల పద్ధతి గురించి నేను క్లాసులో గంటసేపు చెప్పగలను. మా ఇంటి మనిషికి ఇట్లా తిరిగి వస్తుందనుకోలేదు. ముఠా మేస్త్రీ మర్యాదగానే, రెండు నెలలు ఇంటి కాడ ఉండమన్నాడు. బస్తా లెక్కన కూలి దొరికేవాడికి ‘రెస్టు’ అంటే పొయ్యి ఆరడమే. మందులు సరిగ్గా పనిచేస్తుంటే కొన్ని వారాల్లోనే ఇంకొకరికి అంటే గుణం పోతుందని ఆ బ్యానర్ మీద రాసి ఉంటే కొంతైనా నయం.

“రోగం ఆరు నెలల్ల పోతదన్నరు బిడ్డా. ఆ ఫోటో ఎన్ని నెలల్ల పోతది?” అని అడిగాడు. నా డాక్టరేట్ దగ్గర దానికి జవాబు లేదు.

ఇప్పుడు నాకు వచ్చే మెసేజ్ తెలుసు: “మేడమ్, మంచి చేసేవాళ్ళను తిడితే రేపు ఎవరొస్తారు?” తమ్ముడూ, పప్పు తేవద్దని నేను అనలేదు. 2022 సెప్టెంబర్ 9న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ప్రారంభించిన టీబీ ముక్త్ భారత్ అభియాన్లో దాతలను ‘నిక్షయ్ మిత్ర’ అంటారు. రోగి ఒప్పుకుంటేనే సాయానికి కలపాలని ఆ పథకమే చెబుతుంది. చిన్నాయన పప్పుకు ఒప్పుకున్నాడు. ఫోటోకు ఎప్పుడు ఒప్పుకున్నాడు? ఒక చేత్తో కిట్టు పట్టుకున్న మనిషి, రెండో చేత్తో కెమెరాను ఎట్లా ఆపుతాడు?

“క్షయ నోటిఫై చేయాల్సిన రోగం కదా” అని ఒక మిత్రుడు తెలివిగా అన్నాడు. అవును, 2012 నుంచీ. నోటిఫై చేయాల్సింది ఆరోగ్యశాఖకు, వాట్సాప్ గ్రూపుకు కాదు. కరోనాలో ఇండ్ల తలుపులకు అంటించిన పోస్టర్లు గుర్తున్నాయా? విపత్తు నిర్వహణ చట్టం కింద అధికారులు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అవి అంటించకూడదని 2020 డిసెంబర్ 9న సుప్రీంకోర్టు చెప్పింది. ఎయిడ్స్ బాధితుల వివరాలు కాపాడటానికి 2017లో చట్టం వచ్చింది. డాక్టరు రోగి గుట్టు బయట పెడితే 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు ఉన్నాయి, రిజిస్ట్రేషన్ మీదికి వస్తుంది. వాలంటీరుకు ఏ రిజిస్ట్రేషన్ ఉంది పోవడానికి? డాక్టరుకు తెలిసినంతా అతనికీ తెలుసు. డాక్టరుకున్న భయం మాత్రం లేదు.

గుట్టు అనే మాటే మనకు పెద్దిండ్ల మాటలాగా అలవాటైంది. హన్మకొండలో కార్పొరేట్ ఆస్పత్రి ప్రత్యేక గదిలో పడుకున్నవాడి దగ్గరికి బ్యానర్ పట్టుకుని ఎవరైనా పోతారా? మన తెలుగు నవలల్లో మధ్యతరగతి మనిషికి క్షయ వస్తే అది విషాదం, శానిటోరియం, కిటికీ, ఉత్తరాలు. హమాలీకి వస్తే అది కార్యక్రమం.

‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో బాబాసాహెబ్ ఒక కథియవాడ్ టీచరు సంగతి చేర్చాడు. బాలింతరాలైన భార్యను చూడటానికి వచ్చిన డాక్టరు ఆమెను ముట్టలేదు. థర్మామీటరు ఒక ముస్లిం చేతికి, అక్కడి నుంచి భర్త చేతికి, ఆ తర్వాతే ఆమెకు. ఆమె బతకలేదు. ఆ డాక్టరు, ఈ కుర్రాళ్ళు ఒకటే అని నేను అనను. వీళ్ళు భుజం మీద చెయ్యి వేశారు. కాకపోతే ఆ చెయ్యి ఫోటోలో పడేంతసేపే ఉంది.

ఇక నా సంగతి. మా కాలేజీ ఎన్ఎస్ఎస్ నా బాధ్యతే. పోయిన సెమిస్టర్ నేనే పిల్లలను ఒక ఆస్పత్రి హెల్ప్ డెస్కుకు పంపాను. న్యాక్ ఫైలుకు జియోట్యాగ్ ఫోటోలు కావాలి కాబట్టి తీయమన్నదీ నేనే. చిన్నాయన ఇంటి నుంచి వచ్చిన రాత్రి ఆ ఫైలు మళ్ళీ తెరిచాను. ఒక ఫోటోలో మా విద్యార్థి నవ్వుతూ ఒక ముసలమ్మకు దారి చూపిస్తున్నాడు. ఆమె చేతిలో ఓపీ చీటీ. పెద్దది చేసి చూస్తే పేరు, వయసు, విభాగం చక్కగా చదవొచ్చు. ఆ ఫోటో ఎంపిక చేసింది నేను. మూడు నెలలు మా వెబ్‌సైట్లో ఉంది. ఆ అమ్మ ఎవరో, ఆమెకు ఏ గ్లాసులో చాయ్ పోశారో నాకు తెలియదు.

తీసేయించాను. ఈసారి పోయే బ్యాచ్‌కు చెప్పాను: ఫోన్లు స్టాఫ్ రూములో పెట్టి పోవాలి, చీటీ మీది విభాగం చదివి దారి చూపాలి, రోగం పేరు నోటితో పలకొద్దు, ఇంటికొచ్చి అమ్మకు కూడా చెప్పొద్దు. జాబితా ఆస్పత్రి ఉద్యోగి దగ్గరే ఉండాలి, సంతకం పెట్టేవాడి దగ్గర. రోగి అడిగితే తప్ప ఇంటికి పోవద్దు. ఒక అమ్మాయి లేచి, “మరి సర్టిఫికెట్ వస్తదా మేడమ్?” అంది. నవ్వొచ్చింది, కానీ ఆమెది అన్యాయమైన ప్రశ్న కాదు. ఆ సర్టిఫికెట్ కోసం ఫోటో అడిగే పద్ధతి ఆమె పెట్టింది కాదు.

ఎంతమంది పోయారు, ఎన్ని గంటలు చేశారు, అంతే రాసి రిపోర్టు ఇచ్చాను. ‘ఫోటోలు జతచేయలేదు’ అని ఎర్ర ఇంకుతో రాసి నిన్న తిప్పి పంపారు. రేపు మళ్ళీ అట్లాగే ఇస్తాను. మీ కాలేజీల్లో ఇదే పని చూసే లెక్చరర్లు ఎవరైనా ఉంటే, మీ ఫైళ్ళు కూడా ఒకసారి తెరిచి చూడండి.