డీజే మోతల పాట కట్టినోళ్ల వాటా ఏది?

మెదక్ రాందాస్ చౌరస్తాల పెండ్లి బరాత్ పోతుంటే డీజే డబ్బాలల్ల మోగేది ఎవరి పాట? నాట్లేసుకుంట మన అవ్వలు కట్టిన పాట. దానికే కీబోర్డు, బీటు కలిపి ‘ఆల్బమ్’ అంటున్నరు.

ఎగిరే పిల్లలను మేం తప్పుపట్టం. ఒకప్పుడు సినిమాలల్ల విలన్లకు, జోకర్లకు అంటగట్టిన మన యాసలనే ఇయ్యాల రోల్ రైడా ర్యాప్ చేస్తుండు. యూట్యూబ్ పాటలతోని పేరు తెచ్చుకున్న హైదరాబాద్ పిలగాడు రాహుల్ సిప్లిగంజ్ 2023ల ఆస్కార్ వేదిక మీద ‘నాటు నాటు’ పాడిండు. అది మన గొంతు గెలుపే.

మరి పల్లె పాట కట్టినోళ్ల పేరేది? చాలా ఆల్బమ్‌ల మీద ‘జానపదం’ అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటున్నరు. పాట రాసినోళ్లకు, బాణీ కట్టినోళ్లకు రాయల్టీల వాటా ఉండాలని 2012ల కాపీరైట్ చట్టాన్ని సవరించిన్రు. పేరే లేనోళ్లకు వాటా యాడికెళ్లి వస్తది?

గద్దరన్నను కన్న తూప్రాన్ మన జిల్లాదే. ఆల్బమ్‌లు తీసే తమ్ముళ్లారా! పాట నేర్పిన అవ్వ పేరు, ఆమె ఊరి పేరు రాయండి. వచ్చిన పైసలల్ల పాలు ఇయ్యండి. నీళ్లు, నిధులు, నియామకాలల్ల వాటా అడిగినోళ్లం మనం. పాటల వాటా మనమే ఎగ్గొడితే ఎట్ల?