పట్టుకున్నది యాజమాన్యం, నోటీసు కార్మికుడికా?

జీతంలో పన్ను పట్టుకున్న యాజమాన్యం దాన్ని ప్రభుత్వానికి కట్టకపోతే ఆ బాకీ ఎవరిది? కార్మికుడిది కాదు. ఈ సంగతి మనం గట్టిగా తెలుసుకోవాలి.

బెంగళూరు కేంద్రంగా నడిచిన కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్‌నే చూడండి. సిబ్బంది జీతాల్లో టీడీఎస్ పట్టుకుంది, ఖజానాకు కట్టలేదు. 2012 అక్టోబరులో విమానాలు ఆగాయి. జీతాలందక అల్లాడుతున్న ఉద్యోగులకే పన్ను నోటీసులూ వచ్చాయి! విమానం నడిపేవారికే ఈ గతి పడితే, మరమగ్గం నడిపేవారి మాటేమిటి?

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 205వ సెక్షన్ ప్రకారం, ఒకసారి పట్టుకున్న పన్నును ఉద్యోగి నుంచి మళ్లీ అడగరాదు. కర్ణాటక హైకోర్టు 2005లో ఈ సెక్షన్‌నే సమర్థించింది. ఇలాంటి బాకీలకై ఒత్తిడి చేయవద్దని 2016 మార్చిలో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు తన అధికారులకు రాసింది. 2025 నాటి కొత్త చట్టంలోనూ ఈ రక్షణ ఉంది.

అయినా నోటీసులెందుకు వస్తాయి? పాన్ ఖాతాలో జమ కనబడకపోతే కంప్యూటర్ దాన్ని బాకీగానే లెక్కిస్తుంది. పన్ను పట్టుకున్నారని రుజువు చూపాల్సింది మనమే. కనుక పే స్లిప్పులు, బ్యాంకు పాస్‌బుక్కు, పన్ను కోత సర్టిఫికెట్ భద్రపరచండి. నోటీసు వస్తే భయపడి దాచకండి. యూనియన్ ఆఫీసుకు తెండి, గడువులోగా రాతపూర్వకంగా జవాబిద్దాం.

పీఎఫ్ పట్టుకుని కట్టని యజమానిపై నమ్మకద్రోహం కేసు పెట్టవచ్చు. పన్ను మింగినవాణ్ణీ అంతే గట్టిగా నిలదీయాలి. వడ్డీ, జరిమానా అతనే కట్టాలి. మూడు నెలలకోసారి టీడీఎస్, పీఎఫ్ చలాన్ల నకళ్లు నోటీసు బోర్డుపై పెట్టాలని ప్రతి మిల్లులో ఐక్యంగా డిమాండ్ చేద్దాం.