రాలిన ఆకును కాల్చకండి – బడిలో అడవిని పెంచండి

రాయ్‌పూర్‌లోని తెలుగు తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, పాఠశాలల యాజమాన్యాలకు, విద్యార్థులకు విజ్ఞప్తి



విజయనగరం నుంచి రాయ్‌పూర్ వచ్చే రైలు దారి మనకు కొత్త కాదు. పార్వతీపురం దాటితే రాయగడ కొండలు, ఆపైన టిట్లాగఢ్, కాంటాబాంజీ, మహాసముంద్. ఈ మార్గం 1931లో పూర్తయింది. రైల్వే కొలువుల కోసం, బతుకుతెరువు కోసం మన పెద్దలెందరో ఈ దారినే వచ్చారు. ఫాల్గుణంలో కిటికీ పక్కన కూర్చుంటే ఒంటిమీద ఒక్క ఆకూ లేకుండా, నిండా పూసిన మోదుగలు కనిపిస్తాయి. మన్యంలో ఇప్పపువ్వు ఏరుకునే చేతులూ, ఇక్కడ మహువా ఏరుకునే చేతులూ ఒకే అడవిమీద బతుకుతున్నాయి. మన తునికి ఇక్కడి తేందూ. మన నల్లమద్ది సాజా. మన యేగిస బీజా. మన మోదుగను ఛత్తీస్‌గఢీలో పరసా అంటారు. అటూ ఇటూ ఉన్నది ఒక్కటే, ఆకురాల్చే అడవి.

ఆ అడవి ఊరి బయటే ఆగిపోయింది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర భూమిలో నూటికి 44 వంతులు అటవీ భూమిగా నమోదైంది. అలాంటి రాష్ట్రానికి రాజధాని అయిన ఈ నగరంలో, మన పిల్లలు పాయసంలో సారపప్పు తింటారు గాని ఆ చెట్టును చూడలేదు. త్రిఫల చూర్ణం డబ్బా ఇంట్లో ఉంటుంది గాని కరక్కాయ, తానికాయ, ఉసిరి మూడూ ఈ అడవివేనని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. 'ఆకురాల్చు అడవులు' అన్న పాఠం మాత్రం పరీక్షకు బట్టీపట్టి రాస్తారు.

ఈ కరపత్రం అడిగేది ఒక్కటే. ప్రతి బడీ తన ఆవరణలో కనీసం పది సెంట్ల నేలను ఆకురాల్చే అడవికి వదలాలి. దాన్ని పిల్లలే గింజ నుంచి పెంచాలి.

రాలిన ఆకు చెత్త కాదు

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మన బళ్లలో ఏం జరుగుతుందో చూడండి. పొద్దున్నే ఊడుస్తారు, కుప్ప పోస్తారు, నిప్పు పెడతారు. ఆ పొగ మధ్యే పిల్లలు పరీక్షలు రాస్తారు. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో దేశమంతటా నిషేధించింది. అయినా ఆకులు కాల్చడం తప్పన్న ఆలోచనే మనకు రావడం లేదు.

చెట్టు ఆకు రాల్చేది చచ్చిపోయి కాదు, బతకడానికి. రాయ్‌పూర్‌లో ఏడాదికి సుమారు 1,200 నుంచి 1,300 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో చాలా భాగం నాలుగు నెలల్లోనే కురిసిపోతుంది. మిగతా కాలమంతా నేలలో దాగిన తేమతోనే గడపాలి. ఆకు ఉంటే దాని రంధ్రాల గుండా నీరు ఆవిరైపోతుంది కాబట్టి చెట్టు ఆకును వదిలేస్తుంది. ఆ ఆకు నేలమీద దుప్పటిలా పరుచుకుని 45 డిగ్రీల ఎండలో మట్టిని కాపాడుతుంది. వాన పడగానే చెదలు, బూజు, వానపాములు దాన్ని ఎరువుగా మారుస్తాయి. ఆకు కాల్చే బడి తన మట్టి తినాల్సిన తిండిని కాల్చేస్తోంది.

ఏడాది పొడుగునా పచ్చగా ఉండే చెట్లు చాలుగా అని కొందరంటారు. అలా పచ్చగా ఉంటుందనే విరివిగా నాటిన కోనోకార్పస్ చెట్టును గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించాల్సి వచ్చింది. ఈ నేలకు తగిన చెట్టు ఈ నేల కాలాన్ని ఎరిగినదై ఉండాలి.

నాటిన మొక్కలు ఎందుకు బతకడం లేదు?

వనమహోత్సవం 1950 నుంచి జరుగుతోంది. ప్రతి జూలైలో మొక్క, బ్యానరు, ఫొటో. మరుసటి మేలో ఎండిన పుల్ల. మా పిల్లవాడు చదివిన ఒక బడిలో వేసవి సెలవుల తర్వాత వరసగా ఎండిపోయిన మొక్కలన్నిటినీ ఒక్క పూటలో పీకించేశారు. అందులో రెండింటిని నేను ఇంటికి తెచ్చి గోరుతో గీరి చూశాను. బెరడు కింద పచ్చగా ఉంది.

ఇది అందరూ తెలుసుకోవాల్సిన సంగతి. సాల్, తునికి లాంటి మొలకలు మొదటి ఏళ్లలో ప్రతి వేసవికీ పైనుంచి ఎండిపోతాయి. వేరు మాత్రం బతికే ఉంటుంది. వాన పడగానే మొదలు నుంచి మళ్లీ చిగురు వేస్తుంది. పైకి ఎదగకపోయినా ఆ ఏళ్లన్నీ వేరు లోతుకు దిగుతూనే ఉంటుంది. ఈ అడవి పుట్టే తీరే అది. ఓపిక లేని వాళ్లు బతికున్న మొక్కను చచ్చిందనుకుని పీకేస్తారు. మన బళ్లలో కొరవడింది మొక్కలు కాదు, ఓపిక.

అయ్యే పనేనా?

అయ్యే పనే. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పాఠశాల లోయ ఒకప్పుడు బోడి కొండల మధ్య ఉండేది. అక్కడ పడే వాన రాయ్‌పూర్‌లో పడేదానికన్నా చాలా తక్కువ. ఏళ్ల తరబడి ఉపాధ్యాయులు, విద్యార్థులు, చుట్టుపక్కల జనం మొక్కలు నాటారు, వాన నీరు నిలిపారు. 1991లో ఆ లోయ పక్షుల సంరక్షణ ప్రాంతమైంది. రెండు వందలకు పైగా పక్షి జాతులు అక్కడ నమోదయ్యాయి. అనంతపురం కరువు సీమలో టింబక్టు కలెక్టివ్ వాళ్లు 1990లో 32 ఎకరాల బీడుతో మొదలుపెట్టారు. పశువుల నుంచి, మంట నుంచి కాపు కాస్తే నేలలో మిగిలిన పాత వేళ్లే చిగిర్చాయి.

మన దగ్గర వాన ఇంకా ఎక్కువ. పైగా బడి క్యాలెండరు, అడవి క్యాలెండరు ఇక్కడ కలిసే నడుస్తాయి. జూన్ నడిమికి బళ్లు తెరుస్తారు, రుతుపవనాలూ ఆ రోజుల్లోనే వస్తాయి. తునికి, సార పళ్లు వేసవి సెలవుల్లో పండుతాయి. ఇప్పకాయ వానల ముందు రాలుతుంది. పరీక్షల వేళ మోదుగ పూస్తుంది. ఇప్ప చిగిర్చే వేళకు మన ఉగాది వస్తుంది.

ఏం చేయాలి?

ఒకటి. ముందు మట్టిని చూడండి. ఇక్కడి రైతులు నేలను భాఠా, మటాసీ, డోర్సా, కన్హార్ అని నాలుగు రకాలుగా చెబుతారు. ఎర్ర గులక భాఠా నేలలో ఇప్ప, తునికి, సార ఓర్చుకుంటాయి. నీరు నిలిచే నల్ల కన్హార్‌లో మోదుగ, తెల్లమద్ది నయం. రాష్ట్ర వృక్షమని ప్రతిచోటా సాల్ నాటనక్కర్లేదు, దానికి తేమ ఎక్కువ కావాలి.

రెండు. పెద్ద తరగతుల పిల్లల్ని ఒకసారి బార్‌నవాపారా తీసుకెళ్లండి. 1976లో అభయారణ్యమైన ఈ 245 చదరపు కిలోమీటర్ల అడవి మనకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. ఏ చెట్టు పక్కన ఏది పెరుగుతోందో రాసుకు రావాలి. అక్కడి నుంచి ఆకు కూడా తేకూడదు. గింజలు ఊళ్లలో, గట్లమీద, వారపు సంతలో దొరుకుతాయి.

మూడు. పది సెంట్లలో మూడు మీటర్ల ఎడంతో సుమారు నలభై ఐదు చెట్లు పడతాయి. అవి చాలు. పైవరసకు ఇప్ప, నల్లమద్ది, యేగిస. నడిమికి తునికి, సార, ఉసిరి, రేల. అంచున మోదుగ. కింద గడ్డిని గడ్డిలాగే వదలండి. ఈ అడవి నేలమీద ఎండ పడాలి, కిక్కిరిసి నాటకండి.

నాలుగు. తునికి, మోదుగ గింజల్ని నేరుగా నేలలోనే పెట్టండి, వాటి తల్లివేరు సంచిలో ఇమడదు. ఇప్పగింజ నిలవ ఉండదు, పండు రాలిన కొద్ది రోజుల్లోనే విత్తాలి. మొదటి రెండు వేసవులు పాదు పక్కన మట్టికుండ పాతి నీరు నింపండి. సెలవుల్లో ఆ పని తల్లిదండ్రులు వంతులు వేసుకుని చేయాలి.

ఐదు. ఆకు కాల్చడం ఈ ఏడాదే ఆపండి. బడి ఆకంతా ఆ పది సెంట్లకే చేరాలి.

ఆరు. ఆరో తరగతిలో గింజ పెట్టిన పిల్లవాడు పదో తరగతి దాకా ఆ చెట్టు లెక్క రాయాలి. ఆకు ఎప్పుడు రాలింది, పువ్వు ఎప్పుడు వచ్చింది, ఏ పిట్ట వాలింది, అన్నీ. వెళ్లేటప్పుడు ఆ పుస్తకం కొత్తగా వచ్చిన ఆరో తరగతి పిల్లల చేతికివ్వాలి. సీజన్‌వాచ్ అనే దేశవ్యాప్త కార్యక్రమంలో బడిపిల్లలు ఇలాంటి లెక్కలే రాస్తున్నారు.

సందేహాలకు జవాబు

పాములొస్తాయని భయపడే తల్లుల మాట కొట్టిపారేయదగింది కాదు. అందుకే ఈ తోట తరగతి గదులకు దూరంగా ఉండాలి. చుట్టూ ఊడ్చిన బాట, కాళ్లకు బూట్లు, పక్కన పెద్దవాళ్లు ఉండాలి. ఆకుల్లో చేయి పెట్టకూడదన్నది పిల్లలకు నేర్పే మొదటి పాఠం కావాలి.

సమయం లేదంటారా? పర్యావరణం తప్పనిసరి పాఠ్యాంశం కావాలని సుప్రీంకోర్టు 1991లోనే ఎం.సి. మెహతా కేసులో చెప్పింది. 2001లో మొదలైన నేషనల్ గ్రీన్ కోర్ కింద బళ్లలో ఎకో క్లబ్బులు ఏర్పడ్డాయి. వారానికి ఒక పీరియడు ఈ నేలమీద గడిపితే కోర్టు ఆదేశానికి అర్థం వస్తుంది. డబ్బు లేదంటారా? ఈ అడవికి కావలసినవి గింజ, ఆకు, కంచె, కాపలా. మొదటి రెండూ ఉచితం.

మన బాధ్యత

ఈ నేల మనకు ఉద్యోగమిచ్చింది, ఇల్లిచ్చింది, మన పిల్లలకు చదువిచ్చింది. మనమూ ఈ నేలకు ఏదైనా ఇవ్వాలి. ఛత్తీస్‌గఢీ, ఒడియా, తెలుగు పిల్లలు ఒకే బెంచీమీద కూర్చుంటున్నారు. ఒకే చెట్టుకు మూడు భాషల్లో పేరు రాసి పాదు దగ్గర పెడితే చాలు, తమది ఒకే అడవి అని వాళ్లకు విడిగా బోధించనక్కర్లేదు.

తల్లిదండ్రుల్లారా, వచ్చే సమావేశంలో ప్రిన్సిపాల్ గారిని పది సెంట్లు అడగండి. ఉపాధ్యాయుల్లారా, ఎండిన మొక్కను పీకించే ముందు గోరుతో గీరి చూడండి. పిల్లలూ, ఈ వేసవిలో తునికి పండు తిన్నాక గింజ ఊసేయకండి. కడిగి, నీడలో ఆరబెట్టి దాచండి. బడి తెరిచిన రోజున పుస్తకాలతో పాటు ఆ గింజను కూడా సంచిలో వేసుకుని వెళ్లండి.