పేకలు పెరిగితే ఎవరికి లాభం?

సంక్రాంతి అంటే పిఠాపురం చుట్టుపక్కల కొత్త అల్లుళ్లు, కోడిపందేలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద దుప్పటి పరిస్తే పేకాట. రెండు పేకలు కలిపి పదమూడు ముక్కల రమ్మీ. ఈమధ్యే గోవా చూసొచ్చిన అల్లుడుగారు బ్లాక్‌జాక్ ఊసెత్తారనుకోండి.

'అక్కడ ఎనిమిది పేకలు కలిపేస్తారండి.'

'ఎన్ని కలిపితే ఏంటండీ అల్లుడుగారూ? ఆసులూ అన్ని రెట్లు పెరుగుతాయి కదా!' అంటారు మావగారు.

నిజమే అనిపిస్తుంది. లెక్క వేస్తే మాత్రం తేడా బయటపడుతుంది.

మొదటి రెండు ముక్కలు ఆసు, పది విలువ ముక్క అయితే అదే బ్లాక్‌జాక్. వంద కాస్తే నూటయాభై లాభం ఇవ్వడం పాత పద్ధతి. ఒకే పేకలో ఆసు చేతికొచ్చాక మిగిలినవి 51. వాటిలో పది, జాకీ, రాణి, రాజు కలిపి 16. అంటే నూటికి 31.4. ఎనిమిది పేకల్లో అయితే 415కి 128. నూటికి 30.8. ఇలాంటి చిన్న తేడాలన్నీ కలిస్తే, మిగతా నియమాలు మారకపోయినా, వంద రూపాయల పందేనికి సుమారు అర రూపాయి ఆటగాడి జేబులోంచి జారుతుంది.

అసలు దెబ్బ జ్ఞాపకశక్తికి. ఒక పేకలో నాలుగు ఆసులూ పడిపోతే ఇక బ్లాక్‌జాక్ రాదని తెలుసు. ఎనిమిది పేకల్లో ఇంకా 28 ఆసులుంటాయి. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకుని క్యాసినోని ఓడించవచ్చని 1962లో ఎడ్వర్డ్ థోర్ప్ అనే అమెరికా గణితవేత్త పుస్తకం రాశాక, క్యాసినోలు పేకలు పెంచడం మొదలెట్టాయి.

అలాగని ఒక పేక బల్ల కనిపించగానే సంబరపడకూడదు. కొన్నిచోట్ల బ్లాక్‌జాక్‌కి నూటయాభై బదులు నూటఇరవయ్యే ఇస్తారు. ఆ ఒక్క నియమంతో వందకి దాదాపు రూపాయి నలభై పైసలు పోతాయి. పేకల్లో మిగిలిన దానికి రెండింతలకు పైగా ఇక్కడ పోయినట్టే!

మన రమ్మీలోనూ జ్ఞాపకానిదే పెద్దపీట. ఇస్పేటు ఆరు, ఎనిమిది పట్టుకుని ఏడు కోసం చూస్తుంటే, ఒక పేకలో అది కింద పడిపోతే ఆశ వదులుకోవచ్చు. రెండు పేకల్లో ఇంకో ఏడు మిగిలే ఉంటుంది. పడిన ముక్కల్ని గుర్తుంచుకోవాలి కాబట్టే రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ మన సికింద్రాబాద్ క్లబ్బు కేసులోనే.

అయితే అరుగు మీద పోయిన పది రూపాయలు బావమరిది జేబులోకే వెళ్తాయి. సెల్‌ఫోన్‌లో పోయిన డబ్బు ఎవరి జేబులోకి వెళ్లిందో తెలియదు. పంట డబ్బులు, పిల్లల ఫీజులు అలా కరిగిపోయిన ఇళ్లున్నాయి. అందుకే 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. నైపుణ్యమైనా, అదృష్టమైనా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలు కూడదంటూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది.

ఇంతకీ మావగారి ప్రశ్నకి జవాబు? పేకలు ఎన్నయినా, లెక్క వేసుకున్నాకే క్యాసినో వాడు బల్ల వేస్తాడు. అరుగు మీద ఆటకి ఆ లెక్క అక్కర్లేదు, కాఫీ వస్తే చాలు.