వేటకుక్కకు నేర్పవలసిన వెనుకడుగు

పామును చంపిన కుక్కను మన పల్లెలలో వీరునివలె మెచ్చుకొందురు. మాలో పలువురము చిన్ననాడు పామును చూపి కుక్కను ఉసిగొల్పినవారమే. ఆ మెప్పే దాని ప్రాణము తీయుచున్నదని నేడు మా అభిప్రాయము.

కాణిపాకము పరిసరములలో బాహుదా నది పొడవునా చెరకుతోటలు, వేరుసెనగ చేలు, మామిడితోపులు కలవు. ఎలుకలున్నచోటికి పాములు వచ్చుట సహజము. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగును మిక్కిలి ప్రమాదకరములు. రాత్రి కావలికి పోవు రైతునకు ముందుగా నడచునది కుక్కయే గదా! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కుందేలు, అడవిపంది వేటను నిషేధించినది, అది న్యాయమే. అయినను వేటజాతి కుక్క పొదలో మూతి దూర్చుట మానదు. అందుచేతనే కాట్లు పెక్కు దాని మూతిమీదను, ముందుకాళ్లమీదను పడును.

అమెరికాలో పాము రూపును, వాసనను కుక్కకు చూపి, అది దగ్గరకు పోయినంతనే మెడపట్టీ ద్వారా స్వల్ప విద్యుద్ఘాతమిచ్చి భయము నేర్పుదురు. మనకది అనుకరణీయము కాదు. పామును పట్టి ఉంచుకొనుటకు మన చట్టము ఒప్పదు. నొప్పి పెట్టి నేర్పుటకు మా మనసూ ఒప్పదు. మనకు కావలసినది పిలిచినంతనే వెనుకకు వచ్చు అలవాటు. పొడవాటి త్రాడు కట్టి, పేరుపెట్టి పిలిచి, వచ్చినప్పుడెల్ల తినుటకింత పెట్టి అనుదినము నేర్పిన అది అలవడును. దూరమున నిలిచి మొరుగు కుక్కనే మెచ్చుకొనవలెను.

కాటు పడినచో కోయుట, గట్టిగా కట్టుట, పసరు పోయుట వలదు. మనుష్యులకిచ్చు విషవిరుగుడు మందే కుక్కలకును పనిచేయును. ఆలస్యము చేయక పశువైద్యుని కడకు కొనిపోవలెను. తిరుపతిలో 1955లో వెలసిన పశువైద్య కళాశాల మనకు దూరము కాదు.

ఈ పాఠము కుక్కకు మాత్రమే కాదు. 2000 నుండి 2019 వరకు మన దేశమున పాముకాటువలన సుమారు 12 లక్షల మంది మరణించిరని పరిశోధకుల అంచనా. 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గింపవలెనని కేంద్రప్రభుత్వము 2024లో కార్యప్రణాళిక ప్రకటించినది. చీకటిలో దీపము లేక నడచుట, కనబడిన పామును కర్రతో వెంబడించుట మనము మానవలసినవే.

కళాశాల కమిటీవారికి మా విన్నపమొక్కటి. జాతీయ సేవా పథకపు శిబిరమున ఒక పూట పశువైద్యునిచేతను, మరియొక పూట వైద్యునిచేతను తెలుగు, ఉర్దూ భాషలు రెండింటను ఈ విషయము చెప్పింపవలెను. విన్న విద్యార్థి తన ఊరికి పోయి చెప్పినచో ఒక కుక్కయే కాదు, ఒక ఇల్లే నిలువవచ్చును.