పథ్యం చెప్పే ప్రసాదమా?

మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం పంచే చేప ప్రసాదం కోసం ఈసారీ సర్కారువారి పందిళ్లు లేచాయి. క్యూలకు పోలీసులు, కొర్రమీను పిల్లలకు మత్స్యశాఖ కౌంటర్లు. ఈ ప్రసాదం ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి రుజువేదని అడిగితే మాత్రం పాత జవాబే: మందు కాదు, ప్రసాదం.

మోసమంతా ఆ జవాబులోనే ఉంది. దశాబ్దాలపాటు ఇది 'చేప మందు'. శాస్త్ర ప్రచార సంస్థ జన విజ్ఞాన వేదిక నిలదీసి, వ్యవహారం కోర్టు మెట్లెక్కాక 'ప్రసాదం' అయింది. పేరు మారిందే గాని చీటీ మారలేదు. వరసగా మూడేళ్లు రావాలి, 45 రోజులు పథ్యం ఉండాలి. అన్నవరం సత్యదేవుడి ప్రసాదం తిన్నవాళ్లకు ఏ పురోహితుడైనా పథ్యం చెప్పాడా? జనాన్ని పిలిచేటప్పుడు మందు, లెక్క అడిగితే ప్రసాదం!

నోట్లో మందు ముద్ద పెట్టి బతికుండగానే మింగించే చేపపిల్ల కదులుతూ కఫాన్ని ఊడ్చుకుపోతుందట. అది వెళ్లేది కడుపులోకి, ఉబ్బసం ఉండేది ఊపిరితిత్తుల గాలిగొట్టాల్లో. శాకాహారులకు అదే ముద్దను బెల్లంలో పెట్టి ఇస్తారు. బెల్లం దేన్ని ఊడుస్తుందో! మూడేళ్ల గడువు మరీ గడుసుది. చాలామంది పిల్లలకు ఎదిగేకొద్దీ ఆయాసం దానంతటదే తగ్గుముఖం పడుతుంది. తగ్గితే చేప మహిమ, తగ్గకపోతే పథ్యం తప్పిన తల్లిది తప్పు.

బత్తిని కుటుంబం ప్రసాదానికి పైసా తీసుకోదు, నిజమే. కానీ ఉచితమైనంత మాత్రాన అది మందైపోదు.

బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆ ప్రసాదం కోసం రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కే తల్లిని మేం తప్పుపట్టం. నూర్పిళ్ల దుమ్ముకో, గడ్డి తగలబెట్టిన పొగకో అర్ధరాత్రి పిల్లికూతలతో లేచి కూర్చునే పసివాణ్ణి చూస్తే ఎవరైనా ఎంత దూరమైనా వెళతారు. తప్పు, 'పీల్చే మందు అలవాటైపోతుంది' అని ఆమెను భయపెట్టినవాళ్లది. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ ఒక్క పీల్పుకు 100 మైక్రోగ్రాములు. అదే మందు మాత్రగా మింగిస్తే 2 మిల్లీగ్రాములు, అంటే 20 రెట్లు. భయపడాల్సింది దేనికి? ఆయాసం లేని రోజుల్లోనూ వాడాల్సిన, గాలిగొట్టాల వాపు తగ్గించే ఇన్‌హేలర్ వేరే ఉంది. చేపను నమ్మి దాన్ని అటకెక్కిస్తే తర్వాతి ఆయాసం ప్రాణం మీదికే రావచ్చు.

పందిళ్లకు డబ్బున్న తెలంగాణ ప్రభుత్వం అందులోనే పిల్లల డాక్టర్‌కు ఒక బల్ల వేసి, ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం, స్పేసర్ వాడటం నేర్పించలేదా? ఆంధ్రలోని మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పిల్లలకు స్పేసర్లు ఎప్పుడూ ఉండేలా అమరావతి చూడలేదా? అదీ కాదంటే క్యూ మొదట్లో ఒక బోర్డు: 'వాడుతున్న ఇన్‌హేలర్ మానకండి.' ఆ మూడు ముక్కలు రాయించడం మత్స్యశాఖకైనా చేతనవుతుంది.