ఇంత దూరం వచ్చాం కదా!

మనవాళ్ళ టూర్లలో అన్నిటికంటే డేంజరస్ మాట "ఇంత దూరం వచ్చాం కదా" అన్నదేనని నా గట్టి నమ్మకం. గుళ్ళో క్యూలో నిలబడి అనుకుంటే పోయేదేం లేదు, మహా అయితే కాళ్ళు పీకుతాయి. నది మధ్యలో నిలబడి, పక్కన ఆరేళ్ళ పిల్లాణ్ణీ అరవై దాటిన అమ్మనీ పెట్టుకుని అంటే మాత్రం అది మాట కాదు, జూదం.

విషయానికొస్తే.. అమెరికాలో ఉండే మనవాళ్ళు, అమ్మానాన్నలు వచ్చినప్పుడు చేసే ట్రిప్పు ఒకటుంది. వేగాస్‌లో దిగడం, మినీవ్యాన్ అద్దెకి తీసుకోవడం, పులిహోర డబ్బాలు సర్దుకోవడం, నాలుగు రోజుల్లో మూడు నేషనల్ పార్కులు చుట్టేయడం. అందులో యూటా రాష్ట్రంలోని జయాన్ ఒకటి. అక్కడ నారోస్ అని ఒక లోయ ఉంది. వర్జిన్ నది కొండని కోసుకుంటూ పోయిన సందు. రెండు వైపులా వెయ్యి అడుగుల గోడలు, కొన్నిచోట్ల నది వెడల్పు 20, 30 అడుగులే. వేరే దారంటూ లేదు, నదే దారి. చల్లటి నీళ్ళలో, జారే గుండ్రాళ్ళ మీద, కర్ర ఊతంతో నడవాలి. చూసి తీరాల్సిన చోటే, కాదనను.

చిక్కల్లా ఒక్కటే. అక్కడ తల మీద కనిపించే ఆకాశం ఒక చీలికంత. అది నీలంగా ఉంది కదా అని ధైర్యపడటానికి లేదు. వాన ఎక్కడో ఎగువన, మనకి కనపడని చోట కురుస్తుంది. ఆ రాతి నేల నీళ్ళని పెద్దగా పీల్చుకోదు, అంతా జారి ఈ సందులోకే వస్తుంది. పక్కకి తప్పుకుందామంటే గోడలు. మన భాషలో చెప్పాలంటే, అప్‌స్ట్రీమ్ సిస్టమ్ కూలిపోయినా మన డ్యాష్‌బోర్డు కాసేపు పచ్చగానే కనిపిస్తుంది.

2015 సెప్టెంబర్ 14న అదే పార్కులో కీహోల్ అనే మరో ఇరుకు లోయలోకి దిగిన ఏడుగురూ ఆకస్మిక వరదలో పోయారు. ఏడుగురిలో ఒక్కరు కూడా మిగల్లేదు.

"అవి అమెరికా సంగతులులే" అనకండి. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో బండల మీద ఫోటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఎగువన లార్జి డ్యామ్ నుంచి నీళ్ళు వదిలారు, అంతే. ఆ పిల్లలకి సరైన హెచ్చరిక అందలేదు, తప్పు వాళ్ళది కాదు. నారోస్‌లో అలా కాదు. వరద అవకాశం ఎంతుందో నాలుగు మెట్ల రేటింగు ఇస్తారు. ప్రవాహం సెకనుకి 150 ఘనపుటడుగులు దాటితే లోయే మూసేస్తారు. ఆ పిల్లలకి దొరకని హెచ్చరిక మనకి బోర్డు మీద రాసి పెడుతుంటే, చదవకుండా సెల్ఫీ దిగి ముందుకెళ్ళే మనల్ని ఏమనాలి?

పోయినేడు మేమూ వెళ్ళాం. అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ, అక్కావాళ్ళు. నది లోపలికి గంట నడిచాక అప్పటిదాకా తేటగా ఉన్న నీళ్ళు మట్టిరంగుకి తిరిగాయి, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. ఎగువన వాన పడిందనడానికి ఇవే గుర్తులు. వెనక్కి పోదామన్నాను. మా బావగారు ససేమిరా అన్నారు. "ఇంకో గంట నడిస్తే అసలైన చోటు వస్తుందిరా, ఇంత దూరం వచ్చాం కదా!" నేను అమ్మ చెయ్యి పట్టుకుని తిరిగొచ్చేశాను, ఆయన గొణుక్కుంటూ వచ్చారు. ఆరోజు వరద రాలేదు. ఇప్పటికీ ఏ ఫంక్షన్లో కలిసినా "మా బామ్మర్ది నీళ్ళు బురదగా ఉన్నాయని పారిపోయొచ్చాడు" అని అందరికీ చెప్పి నవ్విస్తుంటారు :)

నవ్వుకోనివ్వండి. కానీ ఆ లాజిక్ ఎంత తప్పో మన ఫీల్డువాళ్ళకి వేరే చెప్పాలా? వైటుకే సమయంలో మన సీనియర్లు రాత్రింబవళ్ళు కూర్చుని కోడు సరిచేశారు. 2000 జనవరి 1న పెద్దగా ఏమీ కూలలేదు. వెంటనే జనం "ఏమీ కాలేదుగా, అంతా హడావుడి" అన్నారు. జాగ్రత్త పడ్డవాడికి సాక్ష్యం ఎప్పుడూ దొరకదు. దొరికితే అది శవాల రూపంలోనే దొరుకుతుంది.

ఇంకో సంగతి. రోల్‌బ్యాక్ ప్లాన్ లేకుండా రిలీజుకి ఒప్పుకోం. చిన్న బటన్ రంగు మార్చినా "తేడా వస్తే వెనక్కెలా?" అని నాలుగు మీటింగులు పెడతాం. అదే మనం, ఈదడం కూడా రాని అమ్మానాన్నల్ని నదిలోకి తీసుకెళ్ళేటప్పుడు ఎన్ని గంటలకి వెనక్కి తిరగాలో కూడా అనుకోం. విమానం టికెట్లూ హోటల్ డబ్బులూ గుర్తొస్తాయి. ఆ డబ్బు ఎలాగూ ఖర్చయిపోయింది, ముందుకెళ్ళినా తిరిగి రాదు!

నేను చెప్పేది మూడే ముక్కలు. ఆ రోజు రేటింగు చూడకుండా నీళ్ళలో కాలు పెట్టొద్దు. ఎన్నింటికి వెనక్కి తిరగాలో ముందురోజు రాత్రే, హోటల్లో కూర్చుని తేల్చుకోండి. గుంపులో ఎవరికి భయమేసినా, అది చిన్నపిల్లాడైనా సరే, వాళ్ళ మాటే ఫైనల్. దాని మీద ఓటింగులూ వద్దు, వెక్కిరింతలూ వద్దు.

నారోస్ ఎక్కడికీ పోదు. వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది. చూడటానికి మనం ఉండాలి, అంతే.